మీ ప్రశ్న, మా జవాబు: ప్రోస్టేట్ క్యాన్సర్‌ను కరెంటు పట్టిస్తుందా?

ప్రశ్న: మా నాన్నగారికి 66 ఏళ్లు. రాత్రిళ్లు నాలుగైదుసార్లు మూత్రానికి లేస్తున్నారు. పీఎస్ఏ (ప్రోస్టేట్ కోసం చేసే రక్తపరీక్ష) 5.8 వచ్చింది. సూది గుచ్చకుండా, పొట్టకీ నడుముకీ పట్టీలు అతికించి సన్నటి కరెంటు పంపి, పది నిమిషాల్లో ప్రోస్టేట్ క్యాన్సర్ ఉందో లేదో చెప్పే యంత్రం ఉందని తెలిసినవాళ్లు చెప్పారు. చేయించమంటారా? – ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: వద్దండీ. డబ్బు పోవడం చిన్న నష్టం. అందులో 'ఏమీ లేదు' అని వస్తే ధైర్యం తెచ్చుకుని అసలు పరీక్షలు మానేస్తారు, పెద్ద నష్టం అది.

కణజాలంలో కరెంటు ఎలా పారుతుందో చూసి కణితిని గుర్తించాలన్న ఆలోచన మోసమేమీ కాదు. ప్రయోగశాలల్లో నిజంగా కొలిచిన విషయమే. ఇబ్బందల్లా చర్మం మీద నుంచి కొలవడంతోనే. ప్రోస్టేట్ ఉండేది కటి ఎముకల మధ్య, మూత్రాశయం కింద, మలాశయానికి ముందు. మూత్రం ఉప్పునీళ్లలాంటిది, కరెంటు అటే పరుగెడుతుంది. ఎముకలోంచి అతి తక్కువగా పోతుంది. మలాశయంలో గ్యాస్ ఉంటే అసలే పోదు. పొట్ట నుంచి నడుముకు వెళ్లే కరెంటులో పాతిక మిల్లీలీటర్ల గ్రంథి గుండా పోయేది కొసరు. అందులోని సెంటీమీటరు కణితి గుండా పోయేది ఆ కొసరులో కొసరు. మీ నాన్నగారు రెండు గ్లాసుల నీళ్లు తాగి గంట ఆగి మళ్లీ చేయించుకుంటే అంకె మారిపోతుంది.

ఛాతీకి పట్టీ కట్టి ఊపిరితిత్తుల్ని ఇలాగే చూసే యంత్రాలు ఐసీయూల్లో పనిచేస్తున్నాయి కదా అంటారేమో. అక్కడ ప్రతి శ్వాసకూ గాలి లోపలికి వస్తుంది, బయటికి పోతుంది. గాలి కరెంటును ఆపేస్తుంది కాబట్టి మార్పు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది. కణితి శ్వాసశ్వాసకూ మారదు.

మీరు చేయాల్సింది ఇదీ. ముందు మూత్రపరీక్ష. ఇన్ఫెక్షన్ ఉంటే అది తగ్గాక ఆరు నుంచి ఎనిమిది వారాలు ఆగి పీఎస్ఏ మళ్లీ చేయించండి. యూరాలజిస్టు వేలితో చేసే పరీక్షకు సిగ్గుపడొద్దని నాన్నగారికి చెప్పండి. అనుమానం మిగిలితే ప్రోస్టేట్ ఎంఆర్ఐ, దాన్నిబట్టి బయాప్సీ. రాత్రిళ్లు పదేపదే లేవడానికి ఎక్కువసార్లు కారణం వయసుతో గ్రంథి పెరగడమే. క్యాన్సర్ ఎక్కువగా గ్రంథి వెనకవైపు అంచు భాగంలో మొదలవుతుంది. అది మూత్రనాళానికి దూరం కనుక తొలిదశలో మూత్రానికి ఏ ఇబ్బందీ పెట్టకపోవచ్చు.

ప్రశ్న: అసలు క్యాన్సర్ కణజాలం కరెంటుకు వేరేగా ఎందుకు కనిపిస్తుంది? కణాల్లో ఉన్నది నీళ్లూ ఉప్పే కదా? – భౌతికశాస్త్ర అధ్యాపకుడు, విజయనగరం

జవాబు: లోపలా ఉప్పునీళ్లే, బయటా ఉప్పునీళ్లే. మధ్యలో పలుచటి కొవ్వు పొర ఉంది చూశారూ, కథంతా దానిదే. ఆ పొర కెపాసిటర్‌లా పనిచేస్తుంది. ఒక చదరపు సెంటీమీటరుకు దాని విలువ సుమారు 1 మైక్రోఫారడ్. 1925లో హ్యూగో ఫ్రికె ఎర్ర రక్తకణాల ద్రావణంలో కరెంటు కొలిచి, ఆ పొర మందం 3.3 నానోమీటర్లని లెక్కగట్టాడు. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు ఇంకా పుట్టని రోజులవి.

తక్కువ ఫ్రీక్వెన్సీలో, అంటే 1 కిలోహెర్ట్జ్ దగ్గర, కరెంటు కణంలోకి దూరలేదు. కణాల మధ్య సందుల్లోంచి చుట్టు తిరిగి పోతుంది. ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోతే పొర అడ్డు తగ్గిపోతుంది. మెగాహెర్ట్జ్ దాటాక కరెంటు కణాల్లోంచి కూడా పోతుంది. అంటే తక్కువ ఫ్రీక్వెన్సీ అంకె సందులు ఎంత విశాలంగా ఉన్నాయో చెబుతుంది, ఎక్కువ ఫ్రీక్వెన్సీ అంకె మొత్తం నీరూ ఉప్పూ ఎంతో చెబుతుంది. ఈ రెంటి మధ్య అంకె ఎలా దిగిందన్నది పొరల సంఖ్యకూ అమరికకూ ఆనవాలు.

ఇక ప్రోస్టేట్ సంగతి. ఆరోగ్యంగా ఉన్న గ్రంథిని మైక్రోస్కోపు కింద పెడితే మడతల అంచులున్న సంచుల్లాంటి ఖాళీలు కనిపిస్తాయి. వాటినిండా ద్రవం. ఆ ద్రవంలో సిట్రేటు, జింకు శరీరంలో మరెక్కడా లేనంత దండిగా ఉంటాయి. సిట్రేటు అయాను కాబట్టి కరెంటుకు మంచి దారి. క్యాన్సర్ వచ్చినచోట కణాలు జింకును కూడబెట్టడం మానేస్తాయి. దాంతో సిట్రేటు పడిపోతుంది. సంచులు చిన్నవై, ఒకదాన్నొకటి ఒత్తుకుని, చివరికి ఖాళీలే లేకుండా కణాలు ఇరుక్కుంటాయి. దారీ ఇరుకైంది, దారిలోని ఉప్పూ తగ్గింది. అందుకే అక్కడ కరెంటుకు అడ్డు పెరుగుతుంది. ఆపరేషన్ చేసి తీసిన గ్రంథుల్లో సూదులు గుచ్చి చేసిన 1999 నాటి అమెరికా అధ్యయనంలో కణితి ఉన్నచోట ఇంపీడెన్స్, అంటే కరెంటుకు అడ్డు, ఎక్కువగానే వచ్చింది. తర్వాత అమెరికాలోని డార్ట్‌మత్ కాలేజీలో హాల్టర్, హార్టోవ్, పాల్సెన్ బృందం 100 హెర్ట్జ్ నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా కొలిచి 2008, 2009ల్లో ఫలితాలు ప్రచురించింది. ఒట్టి వాహకత కన్నా 100 కిలోహెర్ట్జ్ దగ్గర పర్మిటివిటీ, అంటే పొరలు ఎంత విద్యుదావేశాన్ని నిలుపుకుంటున్నాయన్న లెక్క, క్యాన్సర్‌ను మెరుగ్గా విడదీసింది.

చిక్కు ఎక్కడొస్తుందంటే, వయసుతో పెరిగే మామూలు గడ్డల్లో కొన్ని పూర్తిగా కండర కణాలతో, నారతో బిగుసుకుని ఉంటాయి. వాటిలోనూ ద్రవసంచులు ఉండవు. వాహకత అంకె ఒక్కటే చూస్తే అవీ కణితిలాగే కనిపిస్తాయి. అరవై దాటినవాళ్లలో ఇలాంటి గడ్డలు లేని గ్రంథి అరుదు. ఈ పద్ధతి ఇన్నేళ్లయినా ఆసుపత్రి పరీక్షగా మారకపోవడానికి పెద్ద కారణం ఇదే.

ఇంకో మాట. కణాల మధ్య సందులు ఇరుకవడాన్ని ఎంఆర్ఐ ఇప్పటికే వాడుకుంటోంది. డిఫ్యూజన్ చిత్రంలో చూసేది నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా కదులుతున్నాయన్నదే. ఇరుకైనచోట కదలిక తగ్గుతుంది, ఆ చోటు ఏడీసీ పటంలో, అంటే నీటి కదలికను చూపే చిత్రంలో, నల్లగా పడుతుంది. కరెంటుకు అడ్డొచ్చే ఇరుకే నీటికీ అడ్డొస్తుంది.

ప్రశ్న: రొమ్ము క్యాన్సర్‌లో కరెంటు ఎక్కువ పారుతుందని ఒకచోట, ప్రోస్టేట్‌లో తక్కువ పారుతుందని ఇంకోచోట చదివాను. ఏది నిజం? – ఒక పాఠకుడు, కరీంనగర్

జవాబు: రెండూ నిజమే. రొమ్ములో చుట్టూ ఉండేది కొవ్వు, అది కరెంటుకు నాసిరకం దారి. దాని పక్కన నీరు నిండిన కణితి మంచి దారిగా కనిపిస్తుంది. ప్రోస్టేట్‌లో చుట్టూ ఉండేది ద్రవసంచుల కణజాలం, దాని పక్కన అదే కణితి అడ్డుగా కనిపిస్తుంది. క్యాన్సర్‌కంటూ సొంత విద్యుత్ సంతకం ఏదీ లేదు, పక్కవాడితో పోల్చి చూడాల్సిందే. 'క్యాన్సర్ కణాల ఫ్రీక్వెన్సీని పట్టేస్తాం' అని ఎవరైనా అంటే వాళ్లకు ఈ సంగతి తెలియదన్నమాట, లేదా తెలిసే అంటున్నారు.

ప్రశ్న: ఈసీఈ చివరి సంవత్సరం విద్యార్థులం. కణజాలం ఇంపీడెన్స్ కొలిచే ప్రాజెక్టు పెట్టుకున్నాం. ఏడీ5933 చిప్ బోర్డు కొన్నాం. రెండు స్టీలు సూదులు మాంసంలో గుచ్చి కొలిస్తే ప్రతిసారీ వేరే అంకె వస్తోంది. ఎక్కడ తప్పు? – నలుగురు విద్యార్థులు, గుంటూరు

జవాబు: రెండు సూదులతో కొలిస్తే మాంసంతోపాటు లోహానికీ ద్రవానికీ మధ్య ఏర్పడే పొరను కూడా కొలుస్తున్నట్టే. కొన్ని కిలోహెర్ట్జ్‌ల కింద ఆ పొర ఇంపీడెన్సే మాంసాన్ని మింగేస్తుంది. నాలుగు కొనలు కావాలి. బయటి రెంటి ద్వారా కరెంటు పంపండి, లోపలి రెంటి మధ్య వోల్టేజీ కొలవండి. లోపలివాటిలో కరెంటు దాదాపు పారదు కనుక వాటి పొర అడ్డురాదు.

మీ చిప్‌లో ఇంకో రెండు గొడవలున్నాయి. అది అదనపు సర్క్యూట్ లేకుండా సరిగా కొలిచేది 1 కిలోఓమ్ పైన మాత్రమే, మీ మాంసం దానికి కింద ఉంటుంది. రెండోది, 3.3 వోల్టుల సరఫరాలో దాని నాలుగో రేంజి 0.2 వోల్టుల చిన్న తరంగం ఇస్తుంది. 'మాంసానికి చిన్నదే మంచిది' అనుకుని అందరూ అదే ఎంచుకుంటారు. కానీ ఆ రేంజిలో చిప్ సంకేతం పంపే పిన్ డీసీ మట్టం 0.17 వోల్టులు, తీసుకునే పిన్ మట్టం 1.65 వోల్టులు. మధ్యలో దాదాపు ఒకటిన్నర వోల్టుల డీసీ మీ సూదుల మీదే పడుతుంది. సూది చుట్టూ సన్నటి బుడగలు, కాసేపటికి నల్లటి మచ్చ కనిపించి ఉండాలి. అంకె జారిపోవడం అందుకే.

ప్రస్తుతానికి ఆ చిప్ పక్కన పెట్టండి. కాలేజీ ల్యాబులో ఉన్న ఫంక్షన్ జనరేటరు, రెండు చానెళ్ల ఆసిలోస్కోపు చాలు. జనరేటరును 1 వోల్టు పీక్‌కు పెట్టండి. దాని నుంచి 1 మైక్రోఫారడ్ కెపాసిటరు (డీసీని ఆపడానికి), 10 కిలోఓముల నిరోధకం, అక్కణ్ణుంచి మొదటి కొన. నాలుగో కొన నుంచి 1 కిలోఓమ్ నిరోధకం ద్వారా గ్రౌండు. సుమారు 90 మైక్రోయాంపులు పారతాయి. ఆ 1 కిలోఓమ్ మీది వోల్టేజీ ఒక చానెల్‌కు ఇవ్వండి, అసలు కరెంటు ఎంతో అది చెబుతుంది. రెండు, మూడు కొనలను ఐఎన్ఏ128 ఆంప్లిఫైయర్‌కు ఇవ్వండి. గెయిన్ నిరోధకం 5.6 కిలోఓములు పెడితే దాదాపు పదిరెట్లు పెరుగుతుంది. దాని ఇన్‌పుట్‌లకు కెపాసిటర్లు పెట్టేట్టయితే ఒక్కోదాని నుంచి గ్రౌండుకు 1 మెగాఓమ్ మరవొద్దు. మరిస్తే అవుట్‌పుట్ ఒక పక్కకు అంటుకుపోయి కదలదు, చిప్ కాలిపోయిందనుకుంటారు.

నాలుగు కొనలనూ ఒకే వరసలో, 2 మిల్లీమీటర్ల దూరంతో ఎపాక్సీలో బిగించి, మొన సమంగా అరగదీయండి. గుచ్చొద్దు, ఆనించండి చాలు. లోతు మారితే అంకె మారుతుంది. నమూనా కనీసం ఒక సెంటీమీటరు మందం ఉండాలి, కొనలు అంచుకు సెంటీమీటరు దూరంలో ఉండాలి. అప్పుడు 80ని వచ్చిన ఓములతో భాగిస్తే వాహకత మీటరుకు సీమెన్స్‌లలో వస్తుంది. ఆ 80 ఎక్కడిదంటే, ఒకటిని 2π ఇంటూ 0.002 మీటర్లతో భాగించగా వచ్చింది. మీ చేతిపనిలో దూరాలు కచ్చితంగా రెండు మిల్లీమీటర్లే ఉండవు కాబట్టి దాన్ని ఉప్పునీళ్లతో సరిచూసుకోండి. మందుల షాపులో దొరికే 0.9 శాతం సెలైన్ 25 డిగ్రీల దగ్గర సుమారు 1.6 సీమెన్స్, అంటే మీకు 50 ఓములు రావాలి. దాన్నే తొమ్మిది రెట్లు డిస్టిల్డ్ వాటర్ కలిపి పలచన చేస్తే సుమారు 440. రెండుచోట్లా సరిపోతే మీ పరికరం నిజం చెబుతోందని అర్థం. ఫ్రీక్వెన్సీ 1 నుంచి 100 కిలోహెర్ట్జ్ దాకా మార్చినా ఉప్పునీళ్ల అంకె కదలకూడదు. ఎక్కువ ఫ్రీక్వెన్సీల దగ్గర కదిలిందంటే కేబుల్‌ది తప్పు. మీటరు షీల్డ్ కేబుల్‌లో సుమారు 100 పికోఫారడ్లుంటాయి, 100 కిలోహెర్ట్జ్ దగ్గర అది 16 కిలోఓములకు సమానం. కిలోఓమ్ నమూనాకు పక్కనే అది ఉంటే ఫేజ్ మూడున్నర డిగ్రీలు తప్పుతుంది. మీరు వెతికే తేడా కూడా కొద్ది డిగ్రీలే! ఆంప్లిఫైయర్‌ను కొనల దగ్గరే పెట్టి, వైర్లు పది సెంటీమీటర్లకు మించకుండా చూడండి.

మాంసం విషయంలో, కోడి ఛాతీ ముక్కతో మొదలుపెట్టొద్దు. కండరంలో పోగు వెంబడి ఒక అంకె, పోగుకు అడ్డంగా ఇంకో అంకె వస్తుంది. ముక్క తిప్పిన ప్రతిసారీ మారిపోతుంది. మేక కాలేజా (లివర్) తెచ్చుకోండి, దానికి ఏ దిక్కైనా ఒకటే. అప్పుడే కోసిన తాజా కాలేజాలో 1 కిలోహెర్ట్జ్ దగ్గర రెండు కిలోఓముల దరిదాపుల్లో మొదలై, 100 దగ్గరకు వచ్చేసరికి సగానికి దిగుతుంది. అదే కాలేజాలో ఒక ముక్కను రాత్రంతా డీప్ ఫ్రీజర్‌లో పెట్టి, పొద్దున కరిగించి, గది వేడికి వచ్చాక కొలవండి. గీత దాదాపు చదునుగా వస్తుంది. మంచు స్ఫటికాలు కణాల పొరలను చీల్చేశాయి, ఇక అడ్డు లేదు. పొర అంటే ఏమిటో ఇంతకన్నా బాగా చూపించే ప్రయోగం మరొకటి లేదు. మీ ప్రాజెక్టు ప్రదర్శనకు ఈ రెండు గీతలూ పక్కపక్కన పెడితే చాలు. ఉష్ణోగ్రత ప్రతి కొలతతోనూ రాయండి, డిగ్రీకి రెండు శాతం మారుతుంది.

మనిషి మీద మాత్రం ఈ పరికరం పెట్టొద్దు. కరెంటు తక్కువేగా అనుకోవచ్చు. వైద్య పరికరాల ప్రమాణం 1 కిలోహెర్ట్జ్ దాకా 100 మైక్రోయాంపులనే హద్దుగా పెట్టింది, మీ సెటప్ దాని లోపలే ఉంది కూడా. కానీ ప్లగ్గుకు తగిలించిన జనరేటరులో ఐసొలేషన్ లేదు, లోపం వచ్చిన రోజున ఆ 10 కిలోఓములు ఎవరినీ కాపాడవు.

ప్రశ్న: జిమ్‌లో నిలబడి కొలిచే బాడీ కంపోజిషన్ యంత్రమూ ఇదేనా? అందులో ఏమైనా తెలుస్తుందా? – ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: సూత్రం అదే. చాలావాటిలో 50 కిలోహెర్ట్జ్ కరెంటు వాడతారు. అది ఒంట్లో నీరెంతో అంచనా వేసి, దానిమీద సూత్రాలు వేసి కొవ్వు శాతం చెబుతుంది. అరికాళ్ల నుంచి అరచేతుల దాకా మొత్తానికో, మహా అయితే చేతులకూ కాళ్లకూ మొండేనికీ విడివిడిగానో అంకె ఇస్తుంది. అందులో ప్రోస్టేట్ వాటా వెతకడం చెరువులో చెంబెడు నీళ్లు వెతికినట్టే. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు దాని మీద ఎక్కొద్దు.

ప్రశ్న: మరి ఈ పరిశోధన దేనికీ పనికిరాదా? – ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: దగ్గర నుంచి కొలిస్తే పనికొస్తుంది. మామూలు బయాప్సీలో 18 గేజి సూదితో పన్నెండు చోట్ల సన్నటి పోగులు తీస్తారు. అల్ట్రాసౌండ్‌లో చాలా కణితులు విడిగా కనిపించవు కనుక అది లెక్కప్రకారం గుచ్చడమే తప్ప చూసి గుచ్చడం కాదు. 2017లో వచ్చిన ప్రామిస్ అధ్యయనంలో 576 మందికి ఎంఆర్ఐ, ఈ మామూలు బయాప్సీ, ఇంకా దట్టంగా ఐదు మిల్లీమీటర్లకొకటి చొప్పున గుచ్చే బయాప్సీ మూడూ చేసి పోల్చారు. ముఖ్యమైన క్యాన్సర్లలో ఎంఆర్ఐ 93 శాతం పట్టింది, మామూలు బయాప్సీ 48 శాతమే.

అందుకే సూది మొన మీదే ఎలక్ట్రోడ్ పెట్టి, పోగు తీసే ముందు ఆ చోటు ఇంపీడెన్స్ చూసే బయాప్సీ సూదులను డార్ట్‌మత్ బృందం తయారుచేసి పరీక్షించింది. మొన చుట్టూ రెండుమూడు మిల్లీమీటర్లే చూస్తుంది కనుక మూత్రాశయమూ ఎముకా అడ్డురావు. మలాశయంలో పెట్టే అల్ట్రాసౌండ్ ప్రోబ్‌కు ఎలక్ట్రోడ్లు అతికించే పద్ధతీ ఉంది. క్యాన్సర్ ఎక్కువగా పుట్టే అంచు భాగం మలాశయం గోడ పక్కనే ఉండటం దానికి కలిసొచ్చే విషయం. లోపలికి వెళ్లేకొద్దీ చూపు మందగిస్తుంది.

మా ఉద్దేశంలో దీనికి అన్నిటికన్నా సరైన చోటు ఆపరేషన్ టేబుల్. గ్రంథి మొత్తం తీసేశాక అంచులో క్యాన్సర్ మిగిలిందా లేదా అన్నది పెథాలజీ రిపోర్టు వస్తేగానీ తెలియదు. ఆలోగా కుట్లు పడిపోతాయి. కోసిన అంచుకు చిన్న ప్రోబ్ ఆనించి అక్కడే చూడగలిగితే, అంగస్తంభనకు కావాల్సిన నరాలను ఎంతమేర ఉంచొచ్చో సర్జన్‌కు తెలుస్తుంది. దీనికీ అడ్డంకులున్నాయి. కాటరీతో (కరెంటు వేడితో కోసే పరికరంతో) కాలిన అంచు ఎండిపోయి అడ్డు పెరిగినట్టు చూపిస్తుంది. రక్తం పేరుకుంటే తగ్గినట్టు చూపిస్తుంది. సెలైన్‌తో కడిగి తుడవకుండా ఆనిస్తే ప్రోబ్ సెలైన్‌నే కొలుస్తుంది.

ఒంటిని తాకకుండా వందల మెగాహెర్ట్జ్ తరంగాలతో ప్రోస్టేట్ చూసే కర్రలాంటి ప్రోబ్ గురించి ఇటలీ నుంచి 2005లో ఆశాజనకమైన నివేదిక వచ్చింది. ఆ ఫ్రీక్వెన్సీలో కణపొర కనిపించనే కనిపించదు. పైన చెప్పిన ఇరుకుదారి కథంతా చేజారి, నీటి శాతంలో తేడా ఒక్కటే మిగులుతుంది. మామూలు ఆసుపత్రి పరీక్షగా అది నిలబడలేదు.

ఏ పద్ధతైనా 'ఇక్కడ తేడా ఉంది' అంటుందే తప్ప గ్లీసన్ గ్రేడు, అంటే క్యాన్సర్ ఎంత ఉధృతమైనదో, చెప్పదు. వైద్యం ఎంచుకునేది ఆ గ్రేడును బట్టి. దానికి పోగు తీసి మైక్రోస్కోపు కింద చూడాల్సిందే.

ప్రశ్న: నాకు 71. ప్రోస్టేట్ వాపుకు రెండేళ్లుగా డ్యుటాస్టరైడ్ కలిసిన మాత్ర వాడుతున్నాను. పీఎస్ఏ 3.1 వచ్చింది. 4 లోపే కదా, నిశ్చింతగా ఉండొచ్చా? – ఒక పాఠకుడు, అనంతపురం

జవాబు: విద్యుత్తుతో సంబంధం లేకపోయినా ఇది తప్పక చెప్పాలి. డ్యుటాస్టరైడ్, ఫినాస్టరైడ్ వాడినవాళ్లలో ఆరు నెలలు దాటాక పీఎస్ఏ దాదాపు సగానికి పడిపోతుంది. మీ 3.1ని రెట్టింపు చేసి 6.2గా చదవాలి. మందు మొదలుపెట్టాక వచ్చిన అతి తక్కువ అంకె ఎంతో పాత రిపోర్టుల్లో వెతకండి. అక్కణ్ణుంచి పెరుగుతూ వస్తుంటే, 4 లోపల ఉన్నా సరే, యూరాలజిస్టుకు చూపించాలి. మాత్రలో కలిసి ఉండే టామ్‌సులోసిన్ వల్ల పీఎస్ఏ తగ్గదు. జుట్టు రాలకుండా వాడే 1 మిల్లీగ్రాము ఫినాస్టరైడ్ వల్ల మాత్రం తగ్గుతుంది. అది మందులా లెక్కలోకి రాదనుకుని చాలామంది డాక్టరుకు చెప్పరు. రక్తం ఇచ్చేముందు రెండు రోజులు వీర్యస్ఖలనం లేకుండా చూసుకోండి. ల్యాబ్ స్లిప్పు మీద మందు పేరు, ఎన్నాళ్లుగా వాడుతున్నారో మీరే రాయించండి.